హాంబర్గ్ మేడమ్‌కి పేరు పెట్టి మెయిల్ రాయొచ్చా? మా ఓనర్ గారు ససేమిరా అంటున్నారు

పట్నంబజార్ అమ్మాయి

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. బయటి దేశాల వాళ్లతో మెయిల్స్ అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకులో చీడపీడలు లేవని ఇచ్చే ఫైటో సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టులు, సరుకు ఓడ కంపెనీకి అప్పజెప్పినట్టు చూపే బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్) కాపీ, అన్నీ. కానీ ప్రతి మెయిల్లో మొదటి లైను, చివరి లైను మాత్రం మా ఓనర్ గారు చెప్పినట్టే ఉండాలి. ఆయన కమీషన్ కొట్టు నుంచి ఎదిగిన మనిషి, అరవై దగ్గర పడుతున్నాయి, మాటకి విలువిచ్చే మనిషి, ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మొదట "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్", చివర "థాంకింగ్ యూ, యువర్స్ ఒబీడియంట్లీ". ఈ రెండూ లేకపోతే మా ఆఫీసు నుంచి మెయిల్ కదలదు.

హాంబర్గ్‌లో మాకో బయ్యర్ ఉన్నారు. అక్కడ క్వాలిటీ చూసే మేడమ్ మొదట్లో నన్ను ఇంటిపేరుతో "డియర్ మిస్టర్ ఫలానా" అని రాసేవారు, నేను అమ్మాయినని ఆవిడకి తెలియదు, నా సంతకంలో ఇనీషియల్స్ తప్ప ఏముంది కనక. ఒకసారి ఫోన్లో మాట్లాడాక తెలిసింది. నాలుగు నెలల నుంచి నన్ను నా పేరుతో "డియర్ ఫలానా" అంటున్నారు, కింద సంతకం కూడా ఆవిడ పేరు ఒక్కటే, ఇంటిపేరు ఉండట్లేదు. నేను మాత్రం ఇంకా "రెస్పెక్టెడ్ మేడమ్" అనే రాస్తున్నాను.

మొన్న ఒక లాట్ విషయంలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల సరుకులో చేరే విషం) రిపోర్టు తేడా వచ్చింది. తెలిసినవాళ్లకి తెలుసు, యూరప్‌కి మిర్చి వెళ్లాలంటే అందులో బీ1 అనే రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు కలిపి 10 దాటకూడదు. ఆవిడ అడిగింది ఒక్కటే, రీటెస్ట్ చేసింది ఏ లాట్‌కి అని. ఓనర్ గారు దగ్గర కూర్చుని చెప్తుంటే నేను టైప్ చేశాను, మీ అమూల్యమైన మెయిల్ అందింది, మీ సహకారానికి ఎంతో కృతజ్ఞులం, మీలాంటి గౌరవనీయులైన కస్టమర్ మాకు దొరకడం అదృష్టం, ఇలా ఎనిమిది లైన్లు, తొమ్మిదో లైనులో లాట్ నెంబరు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, "లాట్ నెంబరు ఏది?" అని, అంతే. ఆవిడ అంత కిందదాకా చదవనే లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు నా ప్రశ్న. ఆవిడకి యాభై పైనే ఉంటాయి. పేరు పెట్టి రాయొచ్చా? ఓనర్ గారిని అడిగితే "పెద్దావిడని పేరు పెట్టి పిలుస్తావా అమ్మా, గుంటూరు వాళ్లకి మర్యాద తెలియదు అనుకోరూ?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ చెయ్యి ఆడట్లేదు, పేరు టైప్ చేసి మళ్లీ చెరిపేస్తున్నాను. పైగా వచ్చే నెల నుంచి థాయిలాండ్, వియత్నాం వాళ్లతో కూడా మొదలవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెంజ్ సర్కిల్

తొమ్మిదేళ్లు జర్మనీలో చేసి రెండేళ్ల కిందట బెజవాడ వచ్చేశాను, కాబట్టి ఈ ఒక్క విషయంలో కాస్త గట్టిగానే చెప్పగలను.

జర్మన్‌లోనూ మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. "డూ" అంటే నువ్వు, "జీ" అంటే మీరు. మనం "ఏకవచనంతో పిలిచాడు" అని కోపం తెచ్చుకుంటామే, వాళ్లకి దానికి విడిగా క్రియలే ఉన్నాయి, డూ అనడానికి డూట్సెన్, జీ అనడానికి జీట్సెన్. జీ అంటే ఇంటిపేరుతో పాటు వస్తుంది, హెర్ ఫలానా, ఫ్రౌ ఫలానా. అక్కడి నుంచి డూలోకి దిగడం మన ఇష్టం కాదు, పెద్దవాళ్లో పైహోదాలో ఉన్నవాళ్లో ముందు అనాలి. చిన్నవాడు తొందరపడి అంటే బాగోదు. పెద్దవాళ్లు అన్నాక కూడా మనం ఇంటిపేరు దగ్గరే ఉండిపోతే అదీ బాగోదు, చాపిన చెయ్యి అందుకోనట్టు ఉంటుంది.

మా ఇంటి ఓనరమ్మ కింద పోర్షన్లో ఉండేది, డెబ్భై దాటాయి. మూడేళ్లు ఒకే మెట్ల మీద ఎదురుపడ్డాం, నేను ఫ్రౌ ఫలానా, ఆవిడ హెర్ ఫలానా, రోజూ గుడ్ మార్నింగ్. కాలింగ్ బెల్ మీద ఇంటిపేరు ఒక్కటే ఉండేది, ఆవిడ అసలు పేరేంటో నాకు తెలియనే తెలియదు. ఒక డిసెంబరు సాయంత్రం మెట్ల మీద మంచు ఊడ్చి పెట్టాను, ఆవిడ తలుపు తీసి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, లేచి నిలబడి, చెయ్యి చాపి తన పేరు చెప్పింది. కొత్తగా పరిచయం అవుతున్న మనిషిలాగా. మూడేళ్ల తర్వాత! నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది, నేనూ లేచి నా పేరు చెప్పాను. ఆ రోజు నుంచి డూ.

మీ హాంబర్గ్ మేడమ్ చేసింది అదే. మొదట మిస్టర్ అని, తర్వాత పేరుతో, కింద తన పేరు ఒక్కటే. చెయ్యి చాపారు. వయసులో పెద్ద ఆవిడే, బయ్యర్ కూడా ఆవిడే, ఇవ్వాల్సిన మనిషే ఇచ్చారు. మీరు తీసుకోవాలి.

మీ ఓనర్ గారికి చెప్పడానికి పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో పేరు పెట్టి రాసినంత మాత్రాన అది జర్మన్‌లో డూ అయిపోదు. ఇంగ్లీషు మెయిల్స్‌లో ఏళ్ల తరబడి పేర్లతో రాసుకున్న ఇద్దరు జర్మన్‌లో మాట్లాడాల్సి వస్తే మళ్లీ జీ అనుకోవడం నేను కళ్లారా చూశాను. పైగా పేరు పెట్టి పిలుస్తూనే మీరు అనే పద్ధతి ఒకటి ఉంది వాళ్ల దగ్గర, దాని పేరే "హాంబుర్గర్ జీ", హాంబర్గ్ మీరు అని. అది అచ్చం మన "లక్ష్మి గారూ, మీరు" లాంటిదే కదా? మనం మామూలుగా ఎవర్నీ ఇంటిపేరుతో పిలవం, పేరుకే గారు తగిలించి మీరు అంటాం. అంటే పేరు పెట్టి పిలవడం మన మర్యాదకి కొత్తేమీ కాదు, మనకి చెయ్యి ఆడనిది ఆ గారు లేకపోవడం వల్లే.

ఒక్క జాగ్రత్త. కొత్త వాళ్లకి మొదటి మెయిల్ రాసేటప్పుడు సంతకంలో డాక్టర్ అని ఉంటే అది వదలకండి, డాక్టర్ తర్వాత ఇంటిపేరు. జర్మన్లో అయితే ఫ్రౌ డాక్టర్ ఫలానా అని రెండూ కలిపి రాస్తారు. అది వదిలేస్తే కొంతమంది పైకి ఏమీ అనరు కానీ గుర్తుపెట్టుకుంటారు.

ఆటోనగర్ 5వ రోడ్డు

ఇంత ఆలోచించాలా అండీ? హాయ్ అని పేరు రాసి పని చెప్పేయండి. అమెరికా క్లయింట్లతో పన్నెండేళ్లుగా నేను చేసేది అదే, కంపెనీ ప్రెసిడెంట్‌కి కూడా హాయ్ అనే. ఎవరూ ఏమీ అనుకోలేదు.

పట్నంబజార్ అమ్మాయి

అన్నా, అమెరికా వాళ్లతో మీకు కుదిరింది, సంతోషం. కానీ నేను అందరికీ అదే రాస్తే ఎక్కడో ఒకచోట ఆర్డరు పోతుందేమోనని టెన్షన్. నా ఉద్యోగం కాదు, ఆయన ముప్పై ఏళ్ల వ్యాపారం.

బెంజ్ సర్కిల్ అన్నయ్యా, మెట్ల మీద సంగతి ఓనర్ గారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కాసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు.

బ్రాడీపేట 4వ లైను

అమ్మాయ్, నేను ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరైనవాడిని. నీ మొదటి లైను, చివరి లైను రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తాను, తర్వాత మీ ఓనర్ గారే తీసేస్తారు.

రెస్పెక్టెడ్ సర్ అనేది మన బడి ఇంగ్లీషు. జ్వరం వచ్చిందని లీవ్ లెటర్ రాయడం నేర్పినప్పుడు మేమే నేర్పాం, గౌరవనీయులైన అన్న మాటకి అది తర్జుమా. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వ్యాపార ఉత్తరం అలా మొదలుపెట్టరు, డియర్ అనే అంటారు. ఇక్కడ చాలామందికి ఆ డియర్ దగ్గరే ఇబ్బంది. పరాయి ఆడమనిషిని "ప్రియమైన" అంటామా అని నా స్టూడెంట్ ఒకడు క్లాసులో నిలబడి అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. ఉత్తరం మొదట్లో డియర్‌కి ప్రేమ అర్థం ఎప్పుడో అరిగిపోయింది, అప్పులవాడికీ డియర్ సర్ అనే రాస్తారు. పేరు తెలియకపోతే డియర్ సర్ ఆర్ మేడమ్ అని రాసి కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, పేరు తెలిస్తే డియర్ మిస్టర్ ఫలానా అని రాసి కింద యువర్స్ సిన్సియర్లీ, ఇది బ్రిటిష్ పద్ధతి. ఈ రోజుల్లో మెయిల్‌కి బెస్ట్ రిగార్డ్స్ చాలు. యువర్స్ ఒబీడియంట్లీ మాత్రం తీసెయ్. తమ విధేయుడు అనేది నౌకరు దొరకి, పిల్లవాడు హెడ్‌మాస్టరుకి రాసే మాట. సరుకు కొనేవాడికి అమ్మేవాడు విధేయుడు కాదు, ఇద్దరూ సమానులు.

రెండో సంగతి, యూ అన్న మాట. అందరినీ నువ్వు అనే భాష ఇంగ్లీషు అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు, అది తలకిందులు. ఇంగ్లీషులో నువ్వుకి "దౌ" అని వేరే మాట ఉండేది, యూ అనేది బహువచనం, మర్యాద. 17వ శతాబ్దం గడిచేసరికి మామూలు వాడుకలో దౌ పోయింది, మిగిలింది మీరే. చిన్నా పెద్దా అందరినీ మీరు అంటున్న భాష అది. దౌ ఇంకా మిగిలింది పాత ప్రార్థనల్లో, దేవుడి దగ్గర. మనమూ దేవుణ్ణి నువ్వు అనేగా వేడుకుంటాం.

మూడోది నా సొంత సంగతి, చెప్పాలనిపించింది. పాత తెలుగు ఉత్తరాల్లో కవరు మీద సంబోధన పెద్ద శాస్త్రం. మగవాళ్లకి మ.రా.రా.శ్రీ, అంటే మహారాజరాజశ్రీ. చిన్నవాళ్లయిన ముత్తైదువలకి చి.ల.సౌ., చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. భర్త పోయిన ఆడవాళ్లకి గం.భా.స., గంగాభాగీరథీ సమానురాలు. మా నాన్న పోయేనాటికి నాకు పద్నాలుగేళ్లు. పెద్దమామయ్య మా అమ్మకి ఎప్పుడూ చి.ల.సౌ. అని రాసేవాడు. కర్మలైన తర్వాత మొదటి ఉత్తరం వచ్చింది, పోస్ట్‌మ్యాన్ అరుగు మీద పెట్టి వెళ్లాడు, నేను తీసి అమ్మకిచ్చాను. అమ్మ కవరు విప్పలేదు. పైన ఉన్న మూడక్షరాలు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య గౌరవంగానే రాశాడు, అప్పటి పద్ధతి అది, అలా రాయకపోతే తప్పని నేర్చుకున్న మనిషి. నాలుగు రోజుల తర్వాత అమ్మ నాతో జవాబు రాయించింది, చివర్లో "ఇక మీదట కవరు మీద నా పేరు రాసి గారు అని పెట్టు అన్నయ్యా, చాలు" అని చెప్పింది. ఆ తర్వాత ఆయన అలాగే రాశాడు.

అందుకని ఆడవాళ్లకి రాసేటప్పుడు మిస్, మిసెస్ అని పెళ్లి సంగతి తవ్వకుండా ఎం ఎస్ (Ms) అని రాయి అమ్మాయ్. ఈ బాధ మనకే కాదు, జర్మన్లు పెళ్లికాని ఆడవాళ్లని ఫ్రాయిలైన్ అనేవాళ్లు, 1970 దశకంలో ప్రభుత్వ వాడుకలోంచి దాన్ని తీసేశారు. ఫ్రాన్సులో మాడ్మజెల్ అనే మాటని 2012లో ప్రభుత్వ ఫారాల నుంచి తొలగించారు.

గవర్నర్‌పేట

నేను ఫ్రైట్ ఫార్వర్డింగ్‌లో, అంటే ఎగుమతి సరుకు ఓడల్లో పంపించే పనిలో ఉన్నాను, మిర్చి కంటైనర్లే ఎక్కువ. థాయిలాండ్, వియత్నాం అన్నారు కాబట్టి రాస్తున్నా.

థాయ్ వాళ్లు తేలిక, మన పద్ధతే. పేరుకి ముందు "ఖున్" పెట్టండి, ఆడా మగా ఇద్దరికీ అదే, ఇంటిపేరు జోలికి పోవద్దు. మన గారు వెనక వస్తుంది, వాళ్లది ముందు వస్తుంది, అంతే తేడా.

వియత్నాం దగ్గర నేను దెబ్బతిన్నాను. అక్కడ ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. మనవాళ్లలాగే కదా అని ముందున్న మాట ఇంటిపేరనుకుని, మర్యాదగా "డియర్ మిస్టర్ ఙుయెన్" అని రాశా. ఆ కంపెనీ డాక్యుమెంట్ల టేబుల్ దగ్గర నలుగురున్నారు, నలుగురూ ఙుయెన్‌లే! ఆ దేశంలో పదిమందిలో ముగ్గురు నలుగురి ఇంటిపేరు అదే. మెయిల్ కామన్ ఇన్‌బాక్స్‌కి వెళ్లింది, ప్రతివాళ్లూ పక్కవాళ్లకి అనుకున్నారు, బీఎల్ డ్రాఫ్ట్ ఓకే చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. వాళ్లు మిస్టర్ తర్వాత అసలు పేరే వాడతారు. ఙుయెన్ వాన్ మిన్ అని ఉంటే మిస్టర్ మిన్. ఇండోనేషియా అయితే మగవాళ్లకి పాక్, ఆడవాళ్లకి బు, తర్వాత పేరు. అక్కడ కొంతమందికి ఒకటే పేరు ఉంటుంది, ఇంటిపేరు ఏదని అడిగి ఇబ్బంది పెట్టకండి.

చైనా వాళ్లకి ఇంటిపేరు ముందు, దాని వెనక హోదా. వాంగ్ జింగ్లీ అంటే వాంగ్ మేనేజర్ గారు అన్నట్టు. మనం ఊళ్లో కరణం గారు, డాక్టరు గారు అనట్లేదా. బంగ్లాదేశ్ వాళ్లు రెండో ఫోన్ కాల్‌కే భాయ్ అంటారు, మీరూ భాయ్ అనేయొచ్చు, కానీ ఎల్‌సీ (డబ్బు చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) విషయం రాసే మెయిల్లో మాత్రం మిస్టర్ అనే ఉండనివ్వండి, ఆ మెయిల్ బ్యాంకు దాకా వెళ్తుంది.

అన్నిటికంటే ముందు మీ సంతకం సరిచేసుకోండి చెల్లెమ్మా. ఇనీషియల్స్ చూసి మీరు అమ్మాయో అబ్బాయో, ఏది పేరో ఏది ఇంటిపేరో వాళ్లకెలా తెలుస్తుంది? మన ఇంటిపేరు ముందుంటుందని బయటివాళ్లకి తెలియదు. పూర్తి పేరు రాసి, ఇంటిపేరు మొత్తం పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఫ్రెంచి వాళ్లు, జపాన్ వాళ్లు చాలామంది అలా చేస్తారు, చూడగానే అర్థమవుతుంది. పేరు ముందు ఎం ఎస్ అని కూడా పెట్టుకోండి, మిస్టర్ గోల పోతుంది.

గన్నవరం

జపాన్ క్లయింట్‌తో పనిచేస్తున్నా, ఇంటి నుంచే. పైన ఆటోనగర్ బ్రదర్ హాయ్ చాలు అన్నారు, జపాన్‌కి మాత్రం అలా పంపకండి. బయటి కంపెనీ వాళ్లకి రాసేటప్పుడు కంపెనీ పేరు, డిపార్ట్‌మెంట్, ఇంటిపేరు, దాని వెనక "సామా". మాటల్లో శాన్, రాతలో సామా. తర్వాత ఒక లైను తప్పనిసరి, "ఇత్సుమో ఒసెవా నీ నత్తే ఒరిమాస్", ఎప్పుడూ మీ ఆదరణ పొందుతూనే ఉన్నాం అన్నట్టు. మన పాత ఉత్తరాల్లో ఉభయకుశలోపరి ఉండేది కదా, అలా. ఆ లైను దాటాకే పని.

నేను చేసిన తప్పు వేరు. క్లయింట్‌తో కాల్‌లో "మా మేనేజర్ ఫలానా శాన్ వస్తారు" అన్నా. మనకి మా సార్ గారు వస్తారు అనడం అలవాటు కదా. అక్కడ బయటివాళ్ల ముందు సొంత కంపెనీ వాళ్లకి, ఎంత పెద్ద బాసైనా సరే, శాన్ పెట్టరు, మనల్ని మనం తగ్గించుకుని ఎదుటివాళ్లని పెంచాలి. కాల్ అయ్యాక మా టీమ్‌లో ఉన్న జపానీ ఆయన నన్ను విడిగా పిలిచి చాలా మెల్లగా చెప్పాడు.

అరండల్‌పేట నుంచి స్టాక్‌హోం

నాది మీ అందరికీ రివర్సు. స్వీడన్‌లో ఆరేళ్లు. ఇక్కడ డాక్టరైనా ప్రొఫెసరైనా అందరూ పేరే, అందరూ డూ. ఎప్పుడూ ఇలాగే లేదు. 1960ల దాకా స్వీడన్ వాళ్లు ఎదుటి మనిషిని మీరు అని కూడా అనేవాళ్లు కాదు, డాక్టర్ గారు కాఫీ తీసుకుంటారా అని ఎదురుగా ఉన్న డాక్టర్నే హోదాతో అడిగేవాళ్లు. ఎవరిని ఏమనాలో తెలియక మాటే మానేసే పరిస్థితి. 1967లో బ్రోర్ రెక్సెడ్ అనే ఆయన వైద్యశాఖ బోర్డుకి అధిపతిగా వస్తూనే స్టాఫ్ అందరినీ పేరుతోనే పిలుస్తానన్నాడు. అప్పటికే గాలి అటు తిరిగింది, ఆయన చెప్పడంతో ఊపు వచ్చింది, కొన్నేళ్లలో దేశమంతా డూ.

ఇంత తెలిసినా మొదటి ఏడాది నా వల్ల కాలేదు. మా మేనేజర్‌కి అరవై రెండు. పేరు పలకాల్సి వస్తుందని దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ణి, ఆయన తలెత్తేదాకా. మెయిల్లో పేరు లేకుండా హలో అని మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు ఆయనే అడిగారు, నా పేరు పలకడం కష్టంగా ఉందా, ఇంకోలా పిలుస్తావా అని. నేను పేరు పిలవకపోవడం ఆయనకి దూరంగా అనిపించిందట! నేను గౌరవం అనుకున్నది ఆయనకి గౌరవంగా చేరనే లేదు. ఇప్పుడు అలవాటైంది, కానీ మొన్న వీడియో కాల్లో మా నాన్న పక్కన ఉండగా ఆఫీసు ఫోనొచ్చి పేరు పెట్టి మాట్లాడితే, "అంత పెద్దాయన్ని అట్లా పిలుస్తావేందిరా" అని నాన్న మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, మీ ఓనర్ గారిది కూడా.

ఆటోనగర్ 5వ రోడ్డు

సరే, ఇవన్నీ చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. అమెరికాకి హాయ్. మిగతా వాళ్లకి ముందు వాళ్ల సంతకం చూసి రాయండి.

పట్నంబజార్ అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, మీ అమ్మగారి ఉత్తరం సంగతి చదివి ఏడుపొచ్చింది, మా పెద్దమ్మకి ఇప్పటికీ శుభలేఖల మీద పేరు రాసే దగ్గర ఇంట్లో గుసగుసలే.

జరిగింది చెప్తాను. నిన్న మధ్యాహ్నం యార్డు నుంచి ఓనర్ గారు రాగానే థ్రెడ్ మొత్తం ఫోన్లో పెట్టి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివారు. చదివి, "సమానులు అన్నారు చూడు మాస్టారు, ఆ మాట బాగుంది" అన్నారు. యువర్స్ ఒబీడియంట్లీ ఆయనే తీసేయమన్నారు. రెస్పెక్టెడ్ కూడా పోయింది. పేరు దగ్గర మాత్రం ఒక పట్టు పట్టారు. "ఆవిడ పేరు పెట్టి రాసింది నీకు, నాకు కాదు. నువ్వు పేరు రాసుకో. నా పేరుతో వెళ్లే మెయిల్లో మాత్రం ఎం ఎస్, ఇంటిపేరు ఉండాలి" అన్నారు. నాకు అది సబబుగానే అనిపించింది.

పంపిన మెయిల్ ఇంతే. డియర్, ఆవిడ పేరు. రీటెస్ట్ చేసింది ఈ లాట్‌కి, నెంబరు ఇది. బీ1 ఇంత, టోటల్ ఇంత, రిపోర్టు జత చేశాను. కొత్త శాంపిల్ శుక్రవారం కొరియర్ చేస్తాం. బెస్ట్ రిగార్డ్స్, నా పేరు. కింద గవర్నర్‌పేట అన్నయ్య చెప్పినట్టు పూర్తి పేరు, ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో. సెండ్ నొక్కే ముందు మళ్లీ ఒకసారి చెయ్యి ఆగింది, అబద్ధం చెప్పను, కానీ చెరపలేదు. సాయంత్రానికి జవాబు వచ్చింది, థాంక్యూ, స్పష్టంగా ఉంది, శాంపిల్ కోసం చూస్తాం అని, కింద ఆవిడ పేరు.

ఇంకొక్కటి అడుగుతాను, విసుక్కోవద్దు. ఇప్పుడు మా ఇద్దరికీ కలిపి ఆవిడ రాస్తే, మేం ఆవిడకీ ఆవిడ పై ఆఫీసరుకీ కలిపి ఒకే మెయిల్ రాయాల్సి వస్తే మొదటి లైను ఎలా?

బెంజ్ సర్కిల్

ఇద్దరినీ ఒకే లైనులో, కానీ ఎవరిది వాళ్లకి. పై ఆఫీసరుతో మీకింకా పేరు దాకా రాలేదు కాబట్టి ఆయన ముందు, డియర్ మిస్టర్ ఇంటిపేరు, కామా, డియర్ అని ఆవిడ పేరు. జర్మన్లు వాళ్లలో వాళ్లు కూడా అలాగే రాసుకుంటారు, ఎవరూ తప్పు పట్టరు. మీ ఓనర్ గారిని కాపీలో పెట్టడం మర్చిపోవద్దు.